దిగివచ్చిన రాజులు, దింపేసిన మంత్రులు

జనవరి 28, జోర్హాట్

అస్సాంలోని జోర్హాట్ బజారులో నాలుగడుగులు వేసి బోర్డుల మీద యజమానుల పేర్లు చదివితే చాలు, పాత రాజ్యపు ఉద్యోగుల జాబితా చేతికొచ్చినట్టే. మందుల దుకాణం బోరాగారిది, ఇనుప సామాను కొట్టు సైకియాగారిది, పళ్ల డాక్టరుగారు ఫుకన్, స్టేషను నుంచి మమ్మల్ని తీసుకొచ్చిన కారు డ్రైవరు హజారికా. ఈ నేలను ఏలిన అహోం రాజుల కాలంలో బోరా కింద ఇరవై మంది ఉండేవారు. సైకియా కింద వంద, హజారికా కింద వెయ్యి, రాజ్‌ఖోవా కింద మూడు వేలు, ఫుకన్ కింద ఆరు వేలు. "అయితే మీ వెయ్యి మంది ఎక్కడ దాదా?" అని అడిగితే డ్రైవరు నవ్వి, "ఈ కారే ఇంకా నాది కాలేదండీ, బ్యాంకుది" అన్నాడు.

రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇలాంటి లెక్కలంటే నాకు ప్రాణం. అహోం రాజ్యంలో ఒంట్లో సత్తువున్న ప్రతి మగవాడూ 'పాయిక్'. నలుగురు పాయిక్‌లు కలిస్తే ఒక 'గోట్'. వంతుల వారీగా ఒకడు రాజుగారి పనికి పోతే మిగిలినవారు అతని పొలం పనులు చూడాలి. యుద్ధమొస్తే ఆ ఒకడే సైనికుడు, చెరువు తవ్వాలంటే ఆ ఒకడే కూలి. ఈ మనుషుల్ని లెక్కపెట్టి పనికి పంపేవాళ్ల హోదాలే బోరా, సైకియా, హజారికా. 1838లో రాజ్యం పోయింది. హోదాలు ఇంటిపేర్లయి కూర్చున్నాయి.

మన దగ్గరా జరిగినదే. వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది కానీ, కరణం అనే ఇంటిపేరును ఎవరు రద్దు చేయగలరు? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం ఎత్తుకొచ్చిన మల్లీశ్వరి ఇంటిపేరు ఊరి లెక్కలు రాసే పదవి. టోక్యో ఒలింపిక్స్‌లో బాక్సింగ్‌లో కంచు గెలిచిన లవ్లీనా ఇంటిపేరు బొర్గోహెయిన్ కూడా ఒక పదవే. కాకపోతే అది ఊరి పదవి కాదు, రాజునే దింపగల మంత్రి పదవి. ఆ మంత్రుల సంగతి చెప్పాలనే ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను.

అహోంలు తాయ్ జాతివారు. బర్మాలోని షాన్‌లు, థాయ్‌లాండ్, లావోస్ ప్రజలు, చైనాలో యున్నాన్‌లోని దాయిలు వీరికి జ్ఞాతులు. షాన్‌లు తమ సంస్థానాధీశుణ్ణి సావ్‌ఫా అంటారు, అహోంలు తమ రాజును చావోఫా అన్నారు. ఇద్దరిదీ ఒకే బిరుదు, ఆకాశానికి దొర అని. అస్సామీ భాషలోకి వచ్చాక అది 'స్వర్గదేవ్' అయింది. ఆకాశాన్ని పాలించే లెంగ్‌డన్ తన మనుమలు ఖున్‌లుంగ్, ఖున్‌లాయ్‌లను నిచ్చెన మీదుగా భూమికి దింపాడని, తాయ్ రాజులందరూ వారి సంతతేనని అహోంల చరిత్ర గ్రంథాలైన బురంజీలు చెబుతాయి. షాన్ రాష్ట్రంలోని హ్సిపా, న్యాంగ్‌ష్వే, కెంగ్‌టుంగ్ కోటలు చూడాలని నాకు చిరకాలపు కోరిక. 2021 తరువాత ఆ దేశంలో మొదలైన యుద్ధం ఆ దారి మూసేసింది. సరే, ఆ వంశంలోనే పడమటికి వలసవచ్చిన శాఖను మన దేశంలోనే చూద్దామని బయలుదేరాం, నేనూ మా ఆవిడా.

సాయంత్రం టోక్లాయ్ ఒడ్డున రాజా మైదాం చూశాం. చివరి రాజు పురందర్ సింహుడి సమాధి అది. బర్మా సైన్యాలు మూడుసార్లు దండెత్తి అస్సాంను పాడుచేశాక, 1826 యాండబో సంధితో ఈ నేల ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1833లో వాళ్లు పురందర్‌ను ఎగువ అస్సాంకు రాజుగా కూర్చోబెట్టి, ఏడాదికి యాభై వేల రూపాయల కప్పం కట్టమన్నారు. కట్టలేకపోయాడు. అయిదేళ్లకే దింపేశారు. అతని మనుమణ్ణి మళ్లీ గద్దె ఎక్కించాలని 1857లో ప్రయత్నించిన మణిరాం దేవాన్‌ను మరుసటి ఏడాది ఫిబ్రవరి 26న ఈ ఊరి జైలులోనే ఉరి తీశారు. సొంతంగా తేయాకు తోటలు వేసిన తొలి భారతీయుడిగా అతని పేరు ఇక్కడ అందరికీ తెలుసు.

ఊరి చుట్టూ ఆ తేయాకు తోటలే. 19వ శతాబ్దంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా ఈ తోటలకు కూలీలను తరలించారు. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ అస్సాంలో ఉన్నారు. అది వేరే ప్రయాణానికి సరిపడే కథ.

జనవరి 29, శివసాగర్

పొద్దున పొగమంచులో బయలుదేరాం. శివసాగర్ ఇంకా పది, పన్నెండు కిలోమీటర్లు ఉందనగా నామ్‌డాంగ్ రాతి వంతెన వస్తుంది. 1703లో రుద్ర సింహుడు కట్టించాడు. మొన్నమొన్నటి దాకా జాతీయ రహదారి లారీలన్నీ దీని మీదుగానే పోయేవి. దిగి ఫోటో తీసుకుని టీ తాగి కదిలాం.

శివసాగర్ ఊరి నడుమ బొర్‌పుఖురి అనే పెద్ద చెరువు ఉంది. నీటి మట్టం ఊరి వీధుల కంటే ఎత్తున ఉంటుంది. గట్టు ఎక్కితేనే నీళ్లు కనిపిస్తాయి. ఒడ్డున శివడోల్, విష్ణుడోల్, దేవీడోల్ అని మూడు గుళ్లు. శివడోల్ శిఖరం నూరు అడుగులు దాటుతుంది. 1734లో కట్టించింది రాణి అంబిక. ఆమె బిరుదు రాణి కాదు, 'బొర్ రాజా', అంటే పెద్ద రాజు.

ఈ కథ మా ఆవిడకు బాగా నచ్చింది. 1714లో గద్దెనెక్కిన శివ సింహుడికి ఛత్రభంగ యోగం ఉందని జ్యోతిష్కులు చెప్పారు. దాన్ని తప్పించుకోవడానికి ఆయన తన ఛత్రాన్ని భార్య ఫూలేశ్వరికి అప్పగించి, బొర్ రాజా అని బిరుదిచ్చాడు. ఫూలేశ్వరి పుట్టింది రాజకుటుంబంలో కాదు, గుడిలో నాట్యం చేసేవారి ఇంట్లో. ఆమె పేరు మీద నాణేలు వచ్చాయి. ఆమె చనిపోయాక అంబిక, ఆమె తరువాత సర్వేశ్వరి, వరుసగా ముగ్గురు ఆ బిరుదు ధరించారు. "మొగుడికి జాతకం బాగాలేకపోతే తప్ప ఆడవాళ్లకు గొడుగు ఇవ్వరన్నమాట" అంది మా ఆవిడ. జవాబు నా దగ్గర లేదు.

ఫూలేశ్వరి గొడుగు కిందకు వచ్చిన కష్టాలు కూడా తక్కువవి కావు. ఆమె గట్టి శాక్తేయురాలు. దుర్గాపూజకు వైష్ణవ సత్రాల, అంటే మఠాల మహంతులను పిలిపించి, బలి రక్తాన్ని నుదుట బొట్టు పెట్టించింది. వారిలో మోవామరియా శాఖ గురువు ఆ అవమానం మరచిపోలేదు. 1769లో అతని శిష్యులు, ముఖ్యంగా మోరాన్ తెగవారు, తిరగబడి రాజధానిని పట్టుకుని రాజు లక్ష్మీ సింహుణ్ణి బంధించారు. నాకు ఇందులో ఆసక్తి కలిగించిన విషయం వేరు. గెలిచిన తిరుగుబాటుదారులు బిరుదులు రద్దు చేయలేదు. తమలో ఒకణ్ణి రాజును చేసి, నాయకుడు రాఘో 'బొర్‌బరువా' అయి కూర్చున్నాడు. మనుషులు మారారు, పదవుల పేర్లు అవే. కొన్ని నెలలకే పాత రాజు మళ్లీ వచ్చాడు కానీ ఆ పోరు 1805 దాకా రగులుతూనే ఉండి రాజ్యాన్ని గుల్ల చేసింది.

మధ్యాహ్నం రంగ్ ఘర్. అండాకారంలో రెండంతస్తుల కట్టడం, పైకప్పు బోర్లించిన పడవ ఆకారంలో ఉంటుంది, రెండు కొసలకూ మొసళ్లు. ప్రమత్త సింహుడు 1740లలో కట్టించాడు. బిహూ రోజుల్లో రాజులు పైన కూర్చుని కింద మైదానంలో దున్నపోతుల పోట్లాటలు, ఆటలు చూసేవారు. దాని దగ్గరే తలాతల్ ఘర్. నేల కింద మూడు అంతస్తులు ఉన్నాయని, ఒక సొరంగం దిఖౌ నదికి, ఇంకొకటి గఢ్‌గావ్‌కు పోతుందని గైడు ఎంతో నమ్మకంగా చెప్పాడు. కింది అంతస్తులు మూసేశారు కాబట్టి ఆయన మాట కాదనే వీలు ఎవరికీ లేదు. ప్రతి కోటకూ ఒక సొరంగం కథ ఉంటుంది, మన గోల్కొండ నుంచి చార్మినార్‌కు ఉన్నట్టే. నేను సొరంగాలు వదిలేసి ఇటుకలు చూశాను. పలచని ఇటుకలు, గోరు దూరనంత సన్నని కీళ్లు. బియ్యం పిండి, గుడ్లు కలిపిన గారతో కట్టారని ఇక్కడివారు చెబుతారు.

జనవరి 30, గఢ్‌గావ్, జయసాగర్

గఢ్‌గావ్‌లో నిలిచి ఉన్న కారెంగ్ ఘర్ రాజేశ్వర సింహుడి కాలపు ఇటుక భవనం. మెట్ల మెట్లుగా పైకి పోతూ సన్నబడే నాలుగంతస్తులు. అంతకుముందు ఇక్కడ ఉన్నది కలప మహలు. దాన్ని చూసి వర్ణించి పెట్టినవాడు షిహాబుద్దీన్ తాలిష్ అనే మొఘల్ లేఖకుడు. కొలువు సభకు 66 స్తంభాలు ఉన్నాయని లెక్కపెట్టి మరీ రాశాడు. అతణ్ణి వెంటబెట్టుకొచ్చిన సేనాని ఎవరో తెలిస్తే కడప జిల్లా వాళ్లు ఉలిక్కిపడతారు. మీర్ జుమ్లా! గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షాకు మంత్రిగా ఉండి, వజ్రాల వ్యాపారంలో కోట్లు గడించి, పెమ్మసాని వారి నుంచి గండికోటను పట్టుకున్న ఆ మీర్ జుమ్లాయే. ఆ తరువాత ఔరంగజేబు కొలువులో చేరి బెంగాల్ సుబేదారయ్యాడు.

1662 మార్చి 17న అతను గఢ్‌గావ్‌లోకి అడుగుపెట్టాడు. రాజు జయధ్వజ సింహుడు అంతకుముందే నామ్‌రూప్ కొండల వైపు పారిపోయాడు. ప్రజలు ఊరుకుంటారా? 'భగనియా రాజా' అని పేరు పెట్టారు, పారిపోయిన రాజు అని. అసలు అహోం రాజుకు మూడు రకాల పేర్లు. తాయ్ భాషలో 'సు'తో మొదలై 'ఫా'తో ముగిసేది ఒకటి, హిందూ సంప్రదాయం వచ్చాక 'సింహ' అని ఒకటి, జనం పెట్టింది ఒకటి. జనం పెట్టిన పేరే ఎక్కువ కాలం నిలిచింది. కాలు కుంటిదైనవాడు ఖోరా రాజా, చిన్నపిల్లవాడు లొరా రాజా, దిహింగ్ ఒడ్డున రాజధాని పెట్టుకున్నవాడు దిహింగియా రాజా.

మొఘలులు రాజధాని గెలిచారు కానీ వాన గెలవలేకపోయారు. నదులు పొంగి దారులన్నీ తెగిపోయి, వర్షాకాలమంతా సైన్యం చిక్కుకుపోయి తిండిలేక, జ్వరాలతో అల్లాడింది. 1663 జనవరిలో సంధి కుదిరింది. రాజు బంగారం, ఏనుగులు, తన కూతురు రమణి గాభరును ఇచ్చాడు. గండికోట విజేత మీర్ జుమ్లా తిరుగు దారిలోనే రోగంతో పోయాడు. అతని సమాధి గారో కొండల అంచున మాన్‌కాచర్‌లో ఉంది.

జయసాగర్‌కు వచ్చేసరికి ఎండ ముదిరింది. 318 ఎకరాల చెరువు. రుద్ర సింహుడు 1697లో తల్లి జయమతి పేరు మీద తవ్వించాడు. ఈ కథ తెలియాలంటే మంత్రుల సంగతి తెలియాలి.

అహోం రాజు కావాలంటే రాజవంశంలో పుట్టాలి. అదొక్కటే చాలదు. ముగ్గురు పెద్ద మంత్రుల, అంటే గోహెయిన్‌ల సమ్మతి కావాలి. బుఢాగోహెయిన్, బొర్గోహెయిన్ పదవులు మొదటి రాజుతో వచ్చినవి. మూడోది బర్‌పాత్రగోహెయిన్, 1527 ప్రాంతంలో సుహుంగ్‌ముంగ్ సృష్టించాడు. పాత ఇద్దరూ గొడవ చేశారు, మా మనుషుల్లోంచి ఇంకొకడికి వాటా ఏమిటని. ఈ పదవులు కూడా వంశపారంపర్యమే, కానీ తండ్రి తరువాత కొడుకే అన్న నియమం లేదు. నిర్ణీత కుటుంబాల్లోంచి రాజు తనకు నచ్చినవాణ్ణి తీసుకోవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు, ఆ కుటుంబాలు దాటి బయటికి మాత్రం పోకూడదు. అటు మంత్రులదీ అదే పరిస్థితి. రాజును దింపవచ్చు, ఇంకొకణ్ణి ఎక్కించవచ్చు, రాజవంశం దాటి పోకూడదు. ఒకరి పిలక ఒకరి చేతిలో పెట్టుకుని ఈ రెండు పక్షాలూ ఆరు వందల ఏళ్లు నెట్టుకొచ్చాయి. 1376లో ఒక రాజు హత్యకు గురైతే తగినవాడు దొరకలేదని నాలుగేళ్లు గద్దె ఖాళీగా ఉంచి మంత్రులే పాలించారు. ఆ తరువాత తెచ్చుకున్నవాణ్ణి 1389లో వాళ్లే చంపి, ఈసారి ఎనిమిదేళ్లు రాజు లేకుండా నడిపారు.

రాజయ్యేవాడికి ఇంకో అర్హత ఉంది. ఒంటి మీద లోపం ఉండకూడదు. తెగిన చెవి, గుచ్చిన కన్ను ఉన్నవాడు గద్దెకు పనికిరాడు. ఈ నియమం ఎంత దారుణానికి దారితీసిందో 1670ల చరిత్ర చెబుతుంది. 1670 నుంచి 1681 దాకా ఏడుగురు రాజులు. అందరూ మంత్రుల కుమ్ములాటల్లో ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు. ఆ గందరగోళంలో కాస్త స్థిరంగా నిలబడినవాడు అతాన్ బుఢాగోహెయిన్. గద్దె నువ్వే ఎక్కమని సహచరులు అడిగినా ఒప్పుకోలేదంటారు, తన వంశానికి ఆ హక్కు లేదని. 1679లో అతణ్ణి కూడా చంపించి, గువాహటి బాధ్యత చూసే బొర్‌ఫుకన్ లాలుక్‌సోలా ఒక పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి ఎక్కించాడు. అతనే లొరా రాజా. పోటీదారులను చంపనక్కరలేదు కదా, అంగవైకల్యం కలిగిస్తే చాలు. రాజకుమారులను ఏరి ఏరి పట్టుకుని కోశారు.

గదాపాణి అనే రాజకుమారుడు తప్పించుకుని నాగా కొండలకు పోయాడు. అతని భార్య జయమతిని జెరెంగా మైదానంలో కట్టేసి రోజుల తరబడి హింసించారు, భర్త ఎక్కడున్నాడో చెప్పమని. చెప్పకుండానే చనిపోయింది. 1681లో గదాపాణి తిరిగొచ్చి గదాధర సింహుడిగా పట్టం కట్టుకున్నాడు. గద్దె నిలబెట్టుకున్నాడు కూడా. ఇక్కడివారు జయమతిని సతి అని కొలుస్తారు. చెరువు గట్టు మీద నిలబడి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఇంత చెరువు తవ్వినవాళ్లు ఎవరు?" అని మాత్రం అడిగింది. పాయిక్‌లు. నలుగురిలో ఒకడు.

జనవరి 31, చరాయిదేవ్

ఈ రోజు కోసమే తేదీలు చూసుకుని వచ్చాం. జనవరి 31 మే-డామ్-మే-ఫీ, అహోంల పితృపూజ. అస్సాం అంతా సెలవు.

శివసాగర్ నుంచి ముప్పై కిలోమీటర్లలోపు. అహోం రాజ్యం స్థాపించిన సుకాఫా తొలి రాజధాని ఇదే. యున్నాన్ సరిహద్దులోని మోంగ్ మావో నుంచి 1215 ప్రాంతంలో ఇల్లు వదిలిన రాజకుమారుడు, దాదాపు తొమ్మిది వేల మందితో పట్కాయి కొండలు దాటి 1228లో బ్రహ్మపుత్ర లోయలో దిగాడు. ఎక్కడ స్థిరపడాలో వెతుక్కుంటూ ఏళ్ల తరబడి వరదలకు ఊళ్లు మార్చి, 1253లో ఇక్కడ ఆగాడు. కొండలు దాటేటప్పుడు అడ్డొచ్చిన నాగాల మీద చేసిన క్రూరత్వాన్ని బురంజీలు దాచుకోలేదు. విగ్రహాల కింది పలకల మీద మాత్రం ఆ మాట కనిపించదు.

తరువాత రాజధానులు మారినా రాజులను పాతిపెట్టడానికి ఇక్కడికే తెచ్చేవారు. ఆ సమాధులే మైదాంలు. 90 మైదాంలున్న ఈ స్థలాన్ని 2024 జులైలో ఢిల్లీలో జరిగిన సమావేశంలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. దూరం నుంచి చూస్తే పచ్చగడ్డి కప్పిన గుండ్రటి దిబ్బలు. దగ్గరికెళ్తే ఒక్కొక్కదాని చుట్టూ ఎనిమిది పలకల పొట్టి ఇటుక గోడ, దిబ్బ నెత్తిన చిన్న మండపం. పడమటి వైపు దారి.

తవ్వి చూపించిన రెండో నంబరు మైదాం లోపలికి తొంగిచూడనిస్తారు. వంగి చూస్తే చల్లటి గాలి ముఖానికి కొట్టింది. గది కూడా ఎనిమిది పలకలదే, ఇటుకలు ఒకదానిమీదొకటి లోపలికి జరుగుతూ గుమ్మటంగా కలుస్తాయి. పూర్వం కలపతో కట్టేవారు, తరువాత ఇటుక, రాయి. గుమ్మటంలో ఒకచోట కన్నం ఉంది, దొంగలు పెట్టినది. దొంగలంటే మామూలు దొంగలే కానక్కరలేదు. మీర్ జుమ్లా సైన్యం ఇక్కడి మైదాంలు తవ్వి బంగారం, వెండి పట్టుకుపోయింది. రాజుతోపాటు ఆయుధాలు, పాత్రలు, దీపాలు, తినే వస్తువులు పెట్టేవారు. ఒకప్పుడు సేవకులను కూడా. తవ్వకాల్లో ఈ గదిలో ఒకరి కంటే ఎక్కువమంది ఎముకలు, దంతపు ముక్కలు దొరికాయి. మనుషులను పాతిపెట్టే ఆచారాన్ని రుద్ర సింహుడు మాన్పించాడు. 18వ శతాబ్దంలో దహనం చేసి అస్థికలను మైదాంలో పెట్టడం మొదలైంది. హిందువులయ్యారు, కానీ మైదాం మానలేదు.

పట్టాభిషేకానికి కూడా చరాయిదేవ్ రావాల్సిందే. సింగరి ఘర్ ఉఠా అని పేరు. ఎనిమిదేళ్లు రాజు లేకుండా నడిపిన మంత్రులు 1397లో ఎక్కించిన సుడాంగ్‌ఫా కాలం నుంచి ఇది మొదలైందంటారు. ఆ సుడాంగ్‌ఫా కథ మన కాశీమజిలీ కథలకు తీసిపోదు. మంత్రులు చంపేసిన రాజుగారి చిన్న రాణి గర్భవతిగా ఉండగా సవతి ఆమెను తెప్ప మీద నదిలో వదిలిపెట్టించింది. హాబుంగ్‌లో ఒక బ్రాహ్మణుడు కాపాడాడు. ఆమె కొడుకును కని చనిపోయింది. ఆ పిల్లవాడు బ్రాహ్మణుడి ఇంట పెరుగుతుంటే మంత్రులు ఆనవాలు కనుక్కుని తెచ్చి పట్టం కట్టారు. 'బామునీ కొన్వర్', బాపన రాకుమారుడు అన్నారు జనం. కొత్త రాజు కులదైవం సోమ్‌దేవ్ ప్రతిమను మెడలో వేసుకుని మగ ఏనుగెక్కి ఇక్కడికి వచ్చి రావిమొక్క నాటేవాడు. వంశపు కత్తి హెంగ్‌డాన్‌తో ఒక మనిషిని నరకడం కూడా ఆ తంతులో భాగం. రుద్ర సింహుడే దాన్ని దున్నపోతుకు మార్చాడు. ఖర్చు భరించలేక ఈ పట్టాభిషేకాన్ని ఏళ్లపాటు వాయిదా వేసిన రాజులూ ఉన్నారు.

పదిన్నరకల్లా జనం నిండిపోయారు. ఆడవారు ముగా పట్టు మేఖలా చాదర్‌లలో, మగవారు తెల్లటి బట్టలు, తలపాగాలతో. వెదురు పందిరి కింద వరుసగా పీటలు, వాటి మీద అరిటాకుల్లో అన్నం, గుడ్లు, తమలపాకులు, వక్కలు, బియ్యపు సారా. పూజారులు దేవధాయ్, మోహన్, బైలుంగ్ అని మూడు వంశాలవారు. వారు చదివే మంత్రాలు తాయ్ అహోం భాషలో ఉంటాయి. ఇళ్లలో ఆ భాష మాట్లాడటం ఆగిపోయి రెండు వందల ఏళ్లు దాటింది. పూజారి కుటుంబాలు పాత రాతప్రతులను కాపాడటం వల్లే అక్షరాలు బతికాయి.

మా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక రిటైరైన బడిపంతులు. ఇంటిపేరు కొన్వర్, అంటే రాజకుమారుడు. "ఇంట్లో పూజ ఇంకా ముఖ్యం. వంటింట్లో ఒక స్తంభం ఉంటుంది, డామ్ ఖుటా అంటాం. చనిపోయిన తల్లిదండ్రులు, తాతలు అక్కడే ఉంటారు. కొత్త కుండలో అన్నం వండి ముందు వాళ్లకు పెడతాం" అన్నారు. రాజుకు మైదాం ఉంటే మామూలువాడికి వంటింటి స్తంభం ఉందన్నమాట. మీరు రాజవంశమా అని అడిగాను. ఆయన తడుముకోకుండా, "మా ముత్తాత కాగితాల్లో అలా ఉంది. నాకు పింఛను మాత్రం విద్యాశాఖ నుంచే వస్తుంది" అన్నారు.

ఫిబ్రవరి 1, నామ్‌ఫాకే

నామ్‌రూప్ మీదుగా నాహర్‌కటియా, అక్కడి నుంచి బుఢీ దిహింగ్ ఒడ్డున నామ్‌ఫాకే ఊరు. సుకాఫా కొండ దిగింది ఈ చుట్టుపక్కలే. ఈ ఊరివాళ్లు అహోంలు కాదు. తాయ్ ఫాకేలు, చాలా ఆలస్యంగా, 1775 ప్రాంతంలో బర్మాలోని హుకాంగ్ లోయ నుంచి వచ్చారు. ఊరు, బౌద్ధ విహారం వెలిసింది 1850లో. రాజ్యం సంపాదించిన అహోంలు భాష పోగొట్టుకున్నారు. రాజ్యం లేని ఫాకేలు ఇప్పటికీ తాయ్ మాట్లాడుతున్నారు. పాలించాల్సిన జనం ఎక్కువైతే వాళ్ల భాషే నేర్చుకోవాలేమో.

విహారం బంగారు రంగు స్తూపంతో, శుభ్రంగా ఊడ్చిన ఇసుక ముంగిలితో ఉంది. లోపల గుడ్డల్లో చుట్టిన రాతప్రతులు. ఇక్కడ రాజు లేడు, ఊరిపెద్ద ఉంటాడు. చావ్ మాన్ అంటారు. చావోఫాలోని దొర ఇక్కడ ఒక ఊరికి సరిపడేంత చిన్నవాడయ్యాడు. పంచాయితీలు ఇప్పటికీ ఆయన దగ్గరే మొదలవుతాయని, పోలీసుల దాకా పోయేవి తక్కువని చెప్పారు.

మధ్యాహ్నం స్తంభాల మీద నిలబెట్టిన ఒక చాంగ్ ఘర్‌లో భోజనం. తూపులా భాత్ అంటే కొత్త బియ్యపు అన్నాన్ని అడవి ఆకులో గట్టిగా చుట్టి ఆవిరి మీద ఉడికించినది. పొట్లం విప్పగానే ఆకు వాసన గుప్పున వచ్చింది. అన్నం ఆకు ఈనెల గుర్తులతో ఇటుకలాగా నిలబడింది. పక్కన కాల్చిన చేప, ఉడికించిన ఆకుకూర, మిరపకాయ నూరిన పచ్చడి. మా ఆవిడ ఆ పచ్చడి మారు వేయించుకుంది. వడ్డించిన ఆవిడ ఆశ్చర్యపోతే, "మాది గుంటూరు" అన్నాను. అర్థమైందో లేదో, నవ్వింది.

ఫిబ్రవరి 2, నామ్‌సాయి

అరుణాచల్‌లోకి పోవాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. దిరాక్ గేటు దగ్గర కాగితం చూపించి దాటాం. ఇది తాయ్ ఖామ్తీల ప్రాంతం. 2010లో వెలిసిన బంగారు పగోడా, కొంగ్‌ము ఖామ్, ఇప్పుడు అందరూ వచ్చి చూసే చోటు. మేమూ చూశాం. ఫోటోల్లో ఎలా ఉందో అలాగే ఉంది.

ఖామ్తీల కథ పగోడా కంటే బాగుంటుంది. 18వ శతాబ్దం మధ్యలో అహోం రాజు అనుమతితో పట్కాయి దాటివచ్చి టెంగాపాని ఒడ్డున స్థిరపడ్డారు. అహోంలు సదియా ప్రాంతానికి 'సదియాఖోవా గోహెయిన్' అనే అధికారిని పెట్టేవారు. మోవామరియా తిరుగుబాటుతో కేంద్రం బలహీనపడగానే 1794లో ఖామ్తీ నాయకుడు ఆ అధికారిని తరిమేసి, ఆ బిరుదు తానే పెట్టుకున్నాడు. కొత్త బిరుదు కల్పించుకోవచ్చు కదా? అక్కరలేదు. జనం ఆ పేరుకు పన్ను కట్టడానికి అలవాటు పడ్డారు. ఇంగ్లీషువాళ్లు వచ్చి ముందు గుర్తించారు, తరువాత భూతగాదా సాకుతో 1835లో పీకేశారు. 1839 జనవరి 28 తెల్లవారుజామున ఖామ్తీలు సదియా దండు మీద పడి కల్నల్ వైట్‌ను చంపారు. దానికి బదులుగా వాళ్ల ఊళ్లు తగలబెట్టి, జనాన్ని నాలుగు దిక్కులకూ చెదరగొట్టారు.

పట్కాయికి అవతల మాత్రం ఇంగ్లీషువాళ్లు దొరలను ఉండనిచ్చారు. షాన్ సావ్‌ఫాలకు సనదులిచ్చి, 1922లో సంస్థానాలన్నిటినీ ఒక సమాఖ్య చేశారు. పట్టమహిషికి అక్కడ కూడా మహాదేవి అనే బిరుదు, మన మాటే. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో బర్మా నాయకుడు ఆంగ్‌సాన్‌తో ఒప్పందం మీద సంతకాలు చేసినవారిలో ఈ సావ్‌ఫాలు ఉన్నారు. వారిలో న్యాంగ్‌ష్వే సావ్‌ఫా సావ్ ష్వే థాయిక్ స్వతంత్ర బర్మాకు తొలి రాష్ట్రపతి అయ్యాడు. 1959లో తౌంజీలో ముప్పైకి పైగా సావ్‌ఫాలు వంశపారంపర్య అధికారాలు వదులుకుంటూ సంతకాలు పెట్టారు. 1962 మార్చి 2న సైన్యం అధికారం చేజిక్కించుకున్న రాత్రి సావ్ ష్వే థాయిక్‌ను అరెస్టు చేశారు. ఆ ఇంట్లోనే ఆయన పదిహేడేళ్ల కొడుకును కాల్చి చంపారు. ఆయన అదే ఏడాది నవంబరులో జైలులో చనిపోయాడు. అమెరికాలో గనుల చదువు చదివి వచ్చిన హ్సిపా సావ్‌ఫా సావ్ క్యా సెంగ్‌ను సైనికులు పట్టుకుపోయారు. ఆస్ట్రియా దేశస్థురాలైన భార్యకు, ఇద్దరు కూతుళ్లకు ఆయన శవం కూడా చేరలేదు. కెంగ్‌టుంగ్ సావ్‌ఫా 1903 ఢిల్లీ దర్బారు చూసివచ్చి భారతీయ పద్ధతిలో కట్టించుకున్న కోటను 1991లో సైనిక ప్రభుత్వం కూల్చేసింది.

బిరుదును సొంతంగా వదులుకున్నవాళ్లను కూడా ఎందుకు వదల్లేదో ఆలోచిస్తే, అధికారం పోయినా జనం ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారన్న భయమే కారణమనిపిస్తుంది. అహోంల దగ్గర మంత్రులు చేసిన పని అక్కడ తుపాకులు చేశాయి. మంత్రులు కనీసం ఇంకొక రాజును తెచ్చి కూర్చోబెట్టేవారు.

ఇవతలి ఖామ్తీలు చెదిరినా బతికారు. మగవారి పేర్లు చావ్‌తో, ఆడవారివి నాంగ్‌తో మొదలవుతాయి. ఈశాన్య సరిహద్దు గిరిజన ప్రాంతాల ప్రతినిధిగా తొలి లోక్‌సభకు నామినేట్ అయిన చౌఖామూన్ గోహెయిన్ ఖామ్తీయే. 2016 నుంచి అరుణాచల్ ఉప ముఖ్యమంత్రిగా ఉన్న చౌనా మీన్ కూడా ఇక్కడివారే. సాయంత్రం బజారులో టీ కొట్టతనితో ఈ మాటే అన్నాను, మీకు దొరలు ఇంకా ఉన్నారని. అతను గిన్నె కిందకి దించుతూ, "ఉన్నారు. ఓటు కోసం మా ఇంటికే వస్తారు" అన్నాడు.

ఫిబ్రవరి 3, తిన్‌సుకియా

రైలు మూడు గంటలు ఆలస్యం. వెళ్లాలనుకునేవారికి నాలుగు ముక్కలు. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం బాగుంటుంది. మీర్ జుమ్లా అనుభవం చాలు, వానాకాలంలో వద్దు. శివసాగర్‌లో మకాం పెట్టి గఢ్‌గావ్, చరాయిదేవ్ చూసి రావచ్చు. చరాయిదేవ్‌కు పొద్దున్నే వెళ్లండి, మైదాంల మధ్య తీరిగ్గా నడవడానికి సగం రోజు పడుతుంది. అరుణాచల్ పర్మిట్ ఇంట్లోనే ఆన్‌లైన్‌లో తీసుకోండి, రెండు ప్రతులు ప్రింటు చేయించుకోండి. ఏప్రిల్ నడుమ వెళ్తే నామ్‌సాయిలో సాంగ్‌కెన్ నీళ్ల పండుగ దొరుకుతుంది. తడవడానికి సిద్ధపడే వెళ్లాలి.